ఎంత పోయిందో మొండికి ఎలా తెలుసు?

అంతర్వేది, సఖినేటిపల్లి వైపు ఉప్పునీటి చెరువుల దగ్గర మండపీతలు కొనే వ్యాపారులు పీతను చేతిలోకి తీసుకోగానే ముందు చూసేది దాని డెక్కలనే, అంటే పట్టుకునే పెద్ద కాళ్ళనే. రెండు డెక్కలూ నిండుగా, సమానంగా ఉన్న పీతకు ఒక ధర, ఒక డెక్క లేని పీతకు ఇంకో ధర, ఒక డెక్క చిన్నగా, లేతగా ఉన్నదానికి మరో ధర పలుకుతుంది. ఆ చిన్న డెక్క పుట్టుకతో వచ్చిన లోపం కాదనీ, ఒకసారి ఊడిన చోట మళ్ళీ మొలిచిందనీ గట్టు మీద పనిచేసే ప్రతివాళ్ళకూ తెలుసు. మా బాబాయి చాలాకాలంగా పీతల చెరువు చేస్తున్నారు. నేను డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం చెబుతాను కాబట్టి ఈమధ్య నన్నొక ప్రశ్న అడిగారు. "అమ్మాయీ, డెక్క మళ్ళీ మొలుస్తుందంటే సరే, రోజూ చూస్తున్నదే. అయితే ఎంత ఊడిందో అంతే మొలవాలని, అంతకు మించి మొలవకూడదని ఆ మొండికి ఎవరు చెబుతారంటావు?"

పునరుత్పత్తి, అంటే పోయిన అవయవం తిరిగి మొలవడం, గురించి చదివిన వాళ్ళలో చాలామంది అడగని ప్రశ్న ఇది. పోయిన అవయవం మళ్ళీ పెరగడమే పెద్ద వింతగా మనకు తోస్తుంది కానీ, పెరగడం జీవకణాలకు కొత్త విద్యేమీ కాదు. గాయం మానేటప్పుడు మన కణాలూ పెరుగుతాయి, కణితిలోనూ పెరుగుతాయి. ఎక్కడ మొదలుపెట్టాలో, ఏమి కట్టాలో, ఎక్కడ ఆగాలో తెలియడంలోనే అసలు విశేషమంతా ఉంది. తెగిన చోట మిగిలిన కణాలకు తాము శరీరంలో ఏ చోట ఉన్నామో గుర్తుండాలి. అంటే ప్రతి కణానికీ ఒక చిరునామా ఉండాలి. ఆ చిరునామా ఉందనడానికి దొరికిన ఆధారాలే ఈ టపాలో రాస్తున్నాను.

ముందు పీత సంగతి. పీత కాలు ఎక్కడపడితే అక్కడ ఊడదు. ప్రతి కాలికీ, డెక్కకూ మొదట్లో, ఒంటికి బాగా దగ్గరగా, ముందే ఏర్పడి ఉన్న ఒక గీత ఉంటుంది. శత్రువు డెక్కను పట్టుకున్నప్పుడు అక్కడి కండరం బిగిసి, పీత తనంతట తానే ఆ గీత దగ్గర కాలిని తెంపుకొంటుంది. గీతకు అడ్డంగా లోపల ఒక పలుచటి పొర ఉంది. నరమూ రక్తమూ వెళ్ళడానికి అందులో చిన్న రంధ్రం తప్ప దారి లేదు. అందువల్ల గాలి తగిలితే నీలిచాయ తిరిగే దాని రక్తం కొద్దిగా కారి ఆగిపోతుంది. కాలిని సగంలో ఎవరైనా నరికినా, మిగిలిన ముక్కను కూడా పీత చాలాసార్లు ఆ గీత దగ్గరే వదిలేస్తుంది.

తరువాత జరిగేదాన్ని దగ్గరనుంచి చూడాలంటే ఒక డెక్క లేని పీతను తిరగేసి పట్టుకోవాలి. తొలి రోజుల్లో ఊడిన చోట నల్లటి పొక్కు తప్ప ఏమీ కనిపించదు. కొంతకాలానికి ఆ పొక్కు మధ్యనుంచి తెల్లటి చిన్న బుడిపె బయటికి వస్తుంది. ఇంకొన్నాళ్ళకు దాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే, పలుచటి తిత్తిలాంటి చర్మం లోపల బుల్లి డెక్క ఒకటి తనమీద తాను మడిచిపెట్టుకుని ఉండడం తెలుస్తుంది. కీళ్ళన్నీ అప్పటికే ఏర్పడి ఉంటాయి, పట్టుకునే రెండు కొసలూ విడివిడిగా కనిపిస్తాయి, అయితే కదలిక ఉండదు. ఆ మొగ్గ కొంత పెరిగి ఆగి, పీత పెంకు విడిచే సమయం దగ్గరపడ్డాక మళ్ళీ చురుగ్గా పెరుగుతుంది. పాత పెంకులోంచి పీత వెనక్కి జారి బయటపడినప్పుడు మడతలన్నీ విడిపోయి కొత్త డెక్క చాచుకుంటుంది. మొదటిసారి వచ్చిన డెక్క రెండో డెక్కకంటే చిన్నదే. ఇంకో రెండు మూడుసార్లు పెంకు మారితే గానీ ఆ తేడా పోదు. వ్యాపారి తూకం వేసేముందు చూసి పెదవి విరిచేది ఆ మధ్యకాలపు పీతనే.

తీరంలోని జాలర్లు చెప్పుకునే ఈ విషయాన్ని ఫ్రాన్సుకు చెందిన రెయోమ్యూర్ అనే శాస్త్రవేత్త 1712లో స్వయంగా పరీక్షించి, పీతలకూ వాటి బంధువులకూ కాళ్ళు తిరిగి మొలుస్తాయని ప్యారిస్ శాస్త్ర సభకు తెలియజేశాడు. చేపలు పట్టేవాళ్ళ మాటను పండితులు నమ్మని రోజుల్లో అతడు నమ్మి చూశాడన్నది నాకు చాలా ఇష్టమైన సంగతి.

బాబాయి ప్రశ్నకు పీతలోనే సగం జవాబు ఉంది. 1970లో డొరొతీ స్కిన్నర్, డేల్ గ్రాహమ్ అనే ఇద్దరు పరిశోధకులు నేలపీతల మీద చేసిన ప్రయోగంలో, ఎక్కువ కాళ్ళు పోగొట్టుకున్న పీత గడువుకు ముందే పెంకు విడుస్తుందని తేలింది. అంతకంటే నన్ను కదిలించినది మరొకటి ఉంది. పెంకు విడవడానికి సిద్ధమవుతున్న పీతకు అప్పుడప్పుడే పెరుగుతున్న మొగ్గను తొలిదశలో తీసేస్తే, పీత ఆ పనిని వాయిదా వేసుకుని, మరో మొగ్గ సిద్ధమయ్యేదాకా ఆగుతుంది. కాళ్ళన్నీ సరిచూసుకుని గానీ పెంకు వదలదన్నమాట. ఈ జ్ఞానాన్ని ఆధారం చేసుకుని కొన్ని దేశాల్లో మెత్తపెంకు పీతల కోసం కాళ్ళు తీసేసి మరీ పెంకు మార్పిస్తారు. నాకు అది సమ్మతం కాదు. తిండి సరిగ్గా పెట్టి, నీటిలో ఉప్పు చూసుకుని, వేచి చూస్తే వచ్చేదానికి జీవిని అంత హింసపెట్టనవసరం లేదు.

పెంకు మార్చుకునే జీవుల్లో ఈ చిరునామా సంగతిని అన్నిటికంటే స్పష్టంగా చూపించినది బొద్దింక. ఇంటర్ మొదటి సంవత్సరం జంతుశాస్త్రంలో బొద్దింకను కోసి చూపించని కళాశాల ఒకప్పుడు ఉండేది కాదు కానీ, దాని కాలు తిరిగి మొలుస్తుందని విద్యార్థులకు చెప్పేవాళ్ళు తక్కువ. పిల్లదశలో కాలు పోతే పెంకు మారినప్పుడు కొత్త కాలు వస్తుంది. పాదంలో మామూలుగా అయిదు చిన్న ఖండాలు ఉండవలసిన చోట తిరిగి వచ్చిన పాదంలో నాలుగే ఉంటాయి. వంటింట్లో దొరికిన బొద్దింక కాళ్ళను భూతద్దం కింద పెట్టి ఈ లెక్క చూస్తే, దాని చిన్నతనంలో ఏ కాలు ఊడిందో చెప్పవచ్చు. మా విద్యార్థులకు ఈ పని ఇచ్చినప్పుడు, పుస్తకంలో లేని విషయాన్ని తమ కళ్ళతో తామే కనిపెట్టిన ఆనందం వాళ్ళ ముఖాల్లో కనిపిస్తుంది.

గడిచిన శతాబ్ది రెండో సగంలో హోర్స్ట్ బోన్ అనే జర్మన్ శాస్త్రవేత్త బొద్దింక కాళ్ళను కోసి అతికించి చేసిన పరీక్షలు చదివినప్పుడల్లా నాకు ఆశ్చర్యం తగ్గదు. కాలిలో మోకాలి కింది పొడవాటి ఖండాన్నే తీసుకుందాం. ఒక కాలిని ఆ ఖండం పైభాగంలో కోసి, మరో కాలి ఖండం కిందిభాగాన్ని తెచ్చి దానికి అతికించాడు. నడుమ ఉండవలసిన భాగం లేదు కాబట్టి కాలు పొట్టిగా ఉంది. పెంకు మారేసరికి అతుకు దగ్గర ఆ తప్పిపోయిన నడిమి భాగం మొలిచి, కాలు తన పొడవుకు వచ్చింది. ఇంతవరకు, కాలి పొడవు తగ్గిందని ఒంటికి ఎలాగో తెలిసిందని సరిపెట్టుకోవచ్చు. అయితే అతడు తిరగేసి కూడా చేశాడు. కిందివైపు కోసిన మొండికి పైభాగం దాకా ఉన్న పొడవాటి ముక్కను అతికించాడు. ఇప్పుడు కాలు ఉండవలసినదానికంటే పొడవుగా ఉంది. శరీరం చూసేది పొడవును మాత్రమే అయితే ఇక పెరగవలసిన అవసరం లేదు. కానీ అతుకు దగ్గర మళ్ళీ కొత్త భాగం పెరిగి, పొడవాటి కాలు ఇంకా పొడవైంది. కొత్తగా పెరిగిన ఆ భాగం మీది ముళ్ళవంటి రోమాలు మాత్రం ఎదురు దిక్కుకు, ఒంటివైపుకు తిరిగి ఉన్నాయి.

దీని అర్థం ఒక్కటే. కణం చూసేది కాలి పొడవును కాదు, తన పక్కనున్న కణం చిరునామాను. వరుసలో ఒకటి, రెండు, మూడు అని అంకెలున్నాయనుకుంటే, రెండు పక్కన ఎనిమిది వచ్చి కూర్చున్నప్పుడు మధ్యలోని మూడు నుంచి ఏడు వరకు కట్టితీరాలి. ఎనిమిది పక్కన రెండు వచ్చి కూర్చున్నా అదే పని చేయాలి, అప్పుడు వరుస తిరగబడుతుంది. అందుకే రోమాలు వెనక్కి తిరిగాయి. 1976లో వెర్నన్ ఫ్రెంచ్, పీటర్ బ్రయంట్, సూసన్ బ్రయంట్ ఈ ఫలితాలన్నిటినీ కలిపి, బొద్దింకకూ, ఈగ పిల్లపురుగుకూ, నీటిబల్లివంటి సాలమాండర్‌కూ ఒకే నియమం వర్తిస్తుందని ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. ఆ సిద్ధాంతంలో కొన్ని అంశాలు తరువాత సవరణకు గురైనా, పక్కవాణ్ణి చూసి మధ్య ఖాళీని పూరించడమన్న మూలసూత్రం నిలబడింది.

సాలమాండర్ అన్నాను కాబట్టి దాని సంగతి. మెక్సికో సరస్సుల్లో పుట్టిన యాక్సొలాటిల్ అనే సాలమాండర్ చేయి భుజం దగ్గర తెగితే భుజం నుంచి, మణికట్టు దగ్గర తెగితే మణికట్టు నుంచి కింది భాగం మాత్రమే తిరిగి వస్తుంది. తెగిన చోటును ముందు చర్మం కప్పేస్తుంది. ఆ చర్మం కింద మచ్చ కట్టే బదులు కణాల ముద్ద ఒకటి తయారవుతుంది. దాన్ని బ్లాస్టిమా అంటారు. ఆ ముద్దలో కణాలన్నీ ఏమైనా కాగల కణాలని చాలాకాలం అనుకున్నారు. 2009లో ఎల్లీ తనాకా బృందం వెలుగు చిమ్మే గుర్తులు పెట్టి చూసేసరికి, కండరం నుంచి వచ్చిన కణం కండరాన్నే, నరపు తొడుగు నుంచి వచ్చినది నరపు తొడుగునే తిరిగి కడుతుందని తేలింది. అంటే తామెక్కడివో మాత్రమే కాక, తామెవరో కూడా ఆ కణాలు మరచిపోవు.

ఈ చిరునామాను తారుమారు చేయడం సాధ్యమని తొలిసారి చూపినవాళ్ళలో మనవాళ్ళు ఉన్నారన్నది విద్యార్థులకు నేను తప్పనిసరిగా చెప్పే విషయం. 1978లో జైపూర్‌లో నియాజీ, సక్సేనా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు గోదురుకప్ప తోకపిల్లల కాళ్ళను కోసి, వాటిని విటమిన్ ఎ కలిపిన నీటిలో ఉంచితే తిరిగి వచ్చే కాలు అస్తవ్యస్తంగా తయారవుతుందని రాశారు. నాలుగేళ్ళ తరువాత మాల్కమ్ మేడెన్ యాక్సొలాటిల్ మీద ఇదే పని చేసి, మణికట్టు దగ్గర తెగిన చేతికి మణికట్టు నుంచి కాక పైచేయి నుంచి మొదలై మొత్తం చేయి మొలిచేలా చేశాడు. మణికట్టులోని కణాలు విటమిన్ ఎ ప్రభావంతో తాము భుజం దగ్గర ఉన్నామని భావించాయి. మోతాదును బట్టి ఎంత పైకి అనుకోవాలన్నది కూడా మారుతూ వచ్చింది.

ఆపైన 1992లో భువనేశ్వర్‌లోని ఉత్కళ విశ్వవిద్యాలయం నుంచి ప్రియంబద మహంతి హెజ్మాది, సుశీల్ కుమార్ దత్తా, ప్రవాతి మహాపాత్ర ప్రకటించిన ఫలితం ప్రపంచమంతటినీ నివ్వెరపరచింది. వానలు పడినప్పుడు మాత్రమే నేలలోంచి బయటికి వచ్చే ఒక గుండ్రటి కప్ప మన ద్వీపకల్పంలో ఉంది. దాని తోకపిల్లల తోకలు కోసి, విటమిన్ ఎ ద్రావణంలో ఉంచితే, కోసిన చోట తోకకు బదులు కాళ్ళు మొలిచాయి. ఒకటో రెండో కాదు, కొన్నిటికి చాలా కాళ్ళు, వాటితోపాటు తుంటి ఎముకలూ వచ్చాయి. తోక చివరి కణాలు తాము తోకలో ఉన్నామన్న సంగతి మరచి, నడుము దగ్గర ఉన్నట్లు ప్రవర్తించాయి. ఒక అవయవం స్థానంలో పూర్తిగా వేరే అవయవాన్ని వెన్నెముక గల జంతువులో మొలిపించడం అంతవరకు ఎవరూ చూడలేదు. ఖరీదైన యంత్రాలతో కాదు, కప్పపిల్లలను ఓపికగా పెంచి, గమనించి సాధించిన పని ఇది. గోదావరి నుంచి మహానది ఎంతో దూరం కాదు. అక్కడ జరిగిన ఈ పని మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యమైనా లేకపోవడం బాధాకరం.

విటమిన్ ఎ శరీరంలో రెటినోయిక్ ఆమ్లంగా మారి పనిచేస్తుంది. భుజం దగ్గర దాని ప్రభావం ఎక్కువ, అరచేతివైపు తక్కువ. ఈ తేడాకు కారణం దాన్ని తయారుచేయడంలో కంటే విరిచేయడంలో ఉందనీ, చేతి కొసవైపున ఒక ఎంజైము దాన్ని ఎప్పటికప్పుడు విరగ్గొడుతుందనీ 2025లో అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన బృందం చూపింది. అదే సంవత్సరం వియన్నాలో తనాకా బృందం మరో దిక్కు చిరునామాను పట్టుకుంది. చిటికెన వేలి వైపు కణాలు హ్యాండ్2 అనే జన్యువును జీవితాంతం కొద్దిగా వెలిగించి ఉంచుతాయి. గాయం తగలగానే అది పెరిగి, చేతిని కట్టే తదుపరి సంకేతాన్ని లేపుతుంది. దాన్ని బొటనవేలి వైపు కణాలలో వెలిగిస్తే అవి చిటికెన వేలి వైపు కణాల్లా ప్రవర్తించాయి. పోయినప్పుడు పనికివస్తుందని, ఏ గాయమూ లేని కాలంలో కూడా చిరునామాను నిలబెట్టుకుని ఉండడమన్నది ఈ పరిశోధనలో నాకు అన్నిటికంటే గొప్పగా కనిపించిన అంశం.

రొయ్యల ప్రాంతంలో ఉంటూ రొయ్య గురించి చెప్పకపోతే బాగుండదు. కాకినాడ నుంచి ఉప్పాడ వైపు హేచరీలలో తల్లిరొయ్య త్వరగా గుడ్లు పెట్టడానికి ఒక కంటికాడను తీసేయడం చాలా ఏళ్ళుగా ఉన్న పద్ధతి. కంటికాడలోని గ్రంథి గుడ్లు పండకుండా ఆపే హార్మోనును విడుదల చేస్తుంది కాబట్టి, దాన్ని తొలగిస్తే గుడ్లు పండుతాయి. అదే కంటికాడ మీద 19వ శతాబ్దపు చివరి సంవత్సరాల్లో కర్ట్ హెర్బ్స్ట్ చేసిన పరిశీలన మా విద్యార్థులు నమ్మడానికి చాలాసేపు పట్టింది. కాడ చివరి కన్నును మాత్రం తీసి, లోపలి నాడీముడిని ఉంచితే, కన్నే తిరిగి వస్తుంది. నాడీముడితో సహా తీసేస్తే కన్ను స్థానంలో మీసంవంటి స్పర్శకం మొలుస్తుంది. చిరునామా కణంలోనే ఉన్నా, దానికి అండగా నిలిచే నరం లేకపోతే అది మరో చిరునామాకు జారిపోతుందని దీన్నిబట్టి అర్థమవుతుంది. సాలమాండర్ చేయి పెరగడానికి కూడా నరం తప్పనిసరి, నరాన్ని ముందే తెంపితే మొండి అలాగే ఉండిపోతుంది.

ఒక డెక్కతో టప్పున చప్పుడు చేసే చిన్న సముద్రపు రొయ్య ఇంకా విచిత్రమైనది. దాని పెద్ద డెక్క ఊడిపోతే, ఊడిన చోట చిన్న డెక్క మొలుస్తుంది. అంతవరకు చిన్నదిగా ఉన్న రెండో వైపు డెక్క పెద్ద డెక్కగా మారుతుంది. వియన్నాలో హాన్స్ ప్రిజిబ్రామ్ 1901లో దీన్ని రాశాడు. ఎడమ పక్క ఏమి పోయిందో కుడి పక్కకు తెలిసిందంటే, చిరునామాలు ఒక అవయవంతో ఆగకుండా ఒంటినంతా కలిపి ఉన్నాయని ఒప్పుకోవాలి.

చేపల విషయంలో పెరుగుదల వేగమే చిరునామాను బయటపెడుతుంది. మన దేశపు వాగుల్లో, పొలాల నీళ్ళలో ఉండే చారల జీబ్రా చేప రెక్కను కొస దగ్గర కోస్తే నెమ్మదిగా, మొదలు దగ్గర కోస్తే వేగంగా పెరుగుతుంది. ఎక్కువ పోయినదీ తక్కువ పోయినదీ దాదాపు ఒకే గడువులో, రెండు మూడు వారాల్లో పూర్తవుతాయి. ఈ తేడాను 20వ శతాబ్ది తొలి ఏళ్ళలోనే చేప రెక్కల్లో గమనించిన థామస్ హంట్ మోర్గన్, తరువాత ఈగల వంశపారంపర్యం మీద చేసిన పనికి 1933లో నోబెల్ పొందాడు. ఎక్కడ ఆగాలో తెలియని చేపలు కూడా ఉన్నాయి. పొటాషియంను కణం గోడ దాటించే ద్వారాల్లో ఒకటి అతిగా పనిచేసే జీబ్రా చేపకు రెక్కలు హద్దు మీరి పొడవుగా పెరుగుతాయి. ఇదే చేప గుండె కింది గదిలో అయిదోవంతు కోసేసినా రెండు నెలల్లో తిరిగి కట్టుకుంటుందని 2002లో పాస్, విల్సన్, కీటింగ్ చూపారు. గుండెపోటు తరువాత మన గుండెలో మిగిలేది మచ్చ మాత్రమే కాబట్టి ఆ పరిశోధన మీద అంత ఆశ ఉంది.

బల్లి తోక అందరికీ తెలిసినదే కనుక ఒక్క మాట. కొత్త తోకలో వెన్నుపూసలు ఉండవు, వాటి స్థానంలో, తెగడానికి వీలైన గీతలు లేని మృదులాస్థి గొట్టం ఒకటే ఉంటుంది. రెండోసారి తోక విడవాలంటే పాత తోక మిగిలిన చోటే, ఒంటికి ఇంకా దగ్గరగా విడవాలి. వానపామును రెండుగా నరికితే రెండూ బతుకుతాయన్నది మాత్రం నిజం కాదు. చాలా జాతుల్లో తల ఉన్న ముక్క తోకను పెంచుకోగలదు, తోక ముక్క తలను పెంచుకోలేక చచ్చిపోతుంది.

ఆ తోక ముక్క వైఫల్యం ఎటువంటిదో తెలుసుకోవడానికి ప్లనేరియా అనే చదునైన పురుగులు దారి చూపాయి. ఇవి అతి చిన్న ముక్క నుంచి కూడా పూర్తి పురుగుగా మారగలవు. వీటిలో బీటా కాటెనిన్ అనే ప్రోటీను పనిచేసిన చోట తోక, పనిచేయని చోట తల ఏర్పడుతుంది. దాన్ని అణచివేస్తే తోక కోసిన చోట తల మొలుస్తుందని 2008లో తేలింది. అయితే వీటి బంధువుల్లో కొన్ని, పాలతెలుపు రంగు పురుగులు, ఒంటి వెనక భాగం నుంచి తలను పెంచుకోలేవు. లక్షల సంవత్సరాలుగా ఆ శక్తి లేని ఈ పురుగుల తోక ముక్కల్లో 2013లో జర్మనీలోని డ్రెస్డెన్ పరిశోధకులు ఆ ఒక్క ప్రోటీనును అణచి చూశారు. తలలు మొలిచాయి, కళ్ళతో సహా. తల కట్టడానికి కావలసిన కణాలూ, పథకమూ ఆ పురుగులో అన్నేళ్ళూ ఉండనే ఉన్నాయి. తోక ముక్కకు తాను ఇప్పుడు ముందు భాగమన్న సంగతి చెప్పేవాళ్ళు లేకపోవడమే లోపం. పునరుత్పత్తి శక్తి లేని జీవిలో అన్నీ పోయాయని అనుకోనవసరం లేదని ఈ ఒక్క ప్రయోగం నన్ను ఒప్పించింది.

ఇక మనిషి. కాలేయం మూడింట రెండు వంతులు తీసినా తిరిగి పెరుగుతుందని చెప్పుకుంటాం. నిజానికి తీసేసిన తమ్మెలు, అంటే కాలేయపు భాగాలు, తిరిగి రావు, మిగిలిన తమ్మెలే ఉబ్బి పాత బరువుకు చేరి ఆగుతాయి. అక్కడ కొలత ఉంది, చిరునామా లేదు. వేలి కొసలో మాత్రం రెండూ ఉన్నాయి. తలుపు సందులో పడి తెగిన చిన్నపిల్లల వేలి కొసలను కుట్టకుండా, శుభ్రంగా కట్టు కట్టి వదిలేస్తే గోరుతో, వేలిముద్ర గీతలతో సహా తిరిగి వస్తాయని ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో పిల్లల ఆసుపత్రి వైద్యురాలు సింథియా ఇల్లింగ్‌వర్త్ 1974లో రాశారు. గోరు మొదలు మిగిలి ఉండడం ముఖ్యం, దానికి వెనక, అరచేతివైపు తెగితే ఈ అవకాశం లేదు. ఎటువంటి గాయమైనా వైద్యునికి చూపించిన తరువాతే ఏదైనా నిర్ణయించాలి.

మన చర్మంలో కూడా చిరునామాలు చెరిగిపోలేదని స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు 2002లోనూ, 2006లోనూ చూపారు. పెద్దవాళ్ళ శరీరంలో వేర్వేరు చోట్లనుంచి చర్మపు లోపలి పొర కణాలను తీసి పాత్రలో పెంచితే, అవి తాము అరికాలివో, తొడవో, తలవో గుర్తుపెట్టుకునే ఉన్నాయి. పిండదశలో ఒంటి రూపురేఖలు దిద్దిన హాక్స్ జన్యువులే ఆ గుర్తును మోస్తున్నాయి. సాలమాండర్ మణికట్టు కణానికి ఉన్న జ్ఞాపకం మన కణానికీ ఉంది. గాయం తగిలినప్పుడు దాన్ని చదివే పని మొదలుకాకముందే మచ్చ కట్టడం మనలో జరిగిపోతుంది.

ఈ జ్ఞాపకానికి వెంటనే ఒక ఉపయోగం కనిపించడం నాకు సంతోషం కలిగించింది. మా వైపు ధాన్యం నూర్చే యంత్రాల దగ్గర కాలు పోగొట్టుకుని కృత్రిమ కాలుతో నడుస్తున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళను అడిగితే మొదట చెప్పే బాధ నడక గురించి కాదు, మొండి చర్మం ఒరుసుకుపోయి పుండ్లు పడడం గురించి. ఎండాకాలంలో చెమటకు ఆ పుండ్లు మానవు, కొందరు నెలల తరబడి కాలు తీసి పక్కన పెట్టుకోవలసి వస్తుంది. మోకాలి కింది చర్మం బరువు మోయడానికి తయారైనది కాదు, అరికాలి చర్మమే అందుకు తగినది. 2024లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ అరికాలి నుంచి లోపలి పొర కణాలను తీసి, పెంచి, వాళ్ళ శరీరంలోనే మరో చోట మామూలు చర్మంలోకి ఎక్కించారు. అక్కడి చర్మం మందమై, గట్టిపడి, అరికాలి చర్మంలో తయారయ్యే కెరటిన్ అనే ప్రత్యేక ప్రోటీనును తయారుచేయడం మొదలుపెట్టింది. కొత్త చోటికి వెళ్ళినా ఆ కణాలు తమ అరికాలి చిరునామాను వదులుకోలేదు, పైపెచ్చు పైనున్న చర్మానికి కూడా దాన్ని నేర్పాయి. మొండి మీద ఈ పద్ధతి నిలబడితే, పోయిన కాలు తిరిగి రాకపోయినా, పెట్టుకున్న కాలును రోజంతా ఒంటి మీద ఉంచుకోవడం సాధ్యమవుతుంది.